క్వీన్ మేరీ 2 ఓడ ఎక్కినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా నాన్నగారికి పాత ఓషన్ లైనర్లంటే, అంటే మహాసముద్రాలు దాటించే పెద్ద ప్రయాణికుల ఓడలంటే పిచ్చి. ఇప్పటి క్రూయిజ్ షిప్పుల ఫొటోలు చూపిస్తే "అవి తేలే అపార్ట్‌మెంట్లురా" అంటారు. ఆ వాటర్ స్లైడ్లు చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. దుబాయ్‌లో హోటల్‌గా మార్చిన పాత లైనర్ క్యూఈ2ని (క్వీన్ ఎలిజబెత్ 2) ఇద్దరం చూశాం, కానీ అది కదలదు కదా! అందుకే 2004 నుంచి తిరుగుతున్న క్వీన్ మేరీ 2లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ తీసుకెళ్దామనుకుంటున్నా. అట్లాంటిక్ అలల్ని తట్టుకునేలా కట్టిన లైనర్లలో ఇప్పుడు ఆ దారిలో నడిచేది అదొక్కటే.

సాధారణంగా ఏడు రాత్రులు, చుట్టూ నీళ్లే. 70 దాటిన మనిషికి కుదుపు తెలియకుండా కింది డెక్కులో మధ్య క్యాబిన్ తీసుకోవాలా? ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం ముందే చెబితే వండుతారా? అన్నిటికంటే పెద్ద డౌట్: లోపల ఆ పాతకాలపు దర్జా నిజంగా ఉందా, పేరుకేనా?