‘కొద్దిపాటి లాటిన్, అంతకన్నా తక్కువ గ్రీకు’: ఒక అప్యర్థకం చుట్టూ అల్లుకున్న జీవిత చరిత్రలు

మిత్రులకు నమస్కారం. షేక్‌స్పియర్ జీవితం మీద తెలుగులో వ్యాసం రాస్తున్న సభ్యురాలొకరు, షేక్‌స్పియర్ సమకాలికుడైన నాటకకర్త బెన్ జాన్సన్ రాసిన స్మృతిపద్యంలో ‘అండ్ దో దౌ హాడ్‌స్ట్ స్మాల్ లాటిన్ అండ్ లెస్ గ్రీక్’ అన్న పాదాన్ని తెలుగులో ఎలా చెప్పాలని అడిగారు. ‘నీ లాటిన్ కొద్దిపాటిదే అయినప్పటికీ, నీ గ్రీకు అంతకన్నా తక్కువే అయినప్పటికీ’ అని ఆవిడే ఒక అనువాదం ఇచ్చారు. ‘అయినప్పటికీ’ బరువుగా ఉంది, ‘అయినా’ అంటే చాలునని ఒకరన్నారు. రెండూ ఒకటే కదా, దీనికింత చర్చ ఎందుకని మరొకరు అడిగారు. రెండూ ఒకటి కావని నా అభిప్రాయం. ఆ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే షేక్‌స్పియర్ చదువు గురించి మూడు వందల యేళ్లుగా ఒక అరకొర మాట చలామణీ అవుతోంది. అందువల్ల కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ పాదం ఎక్కడిదో చూడాలి. షేక్‌స్పియర్ 1616లో మరణించాడు. ఆయనతో కలిసి నటించిన హెమింజ్, కాండెల్ అనే ఇద్దరు 36 నాటకాలను సేకరించి, 1623లో ఒక పెద్ద సంపుటంగా అచ్చు వేయించారు. దానినే మొదటి ఫోలియో అంటారు. దాని ముందు భాగంలో బెన్ జాన్సన్ రాసిన 80 పాదాల పద్యముంది. షేక్‌స్పియర్ ‘ఒక యుగానికి చెందినవాడు కాడు, సర్వకాలాలవాడు’ అన్న ప్రసిద్ధమైన మాట కూడా ఆ పద్యంలోదే. మన పాదం అక్కడ విడిగా నిలబడిన వాక్యం కాదు, ఒక పొడవైన వాక్యానికి మొదటి అంగం మాత్రమే. నీ లాటిన్, గ్రీకు ఇంతంతైనా, అక్కడి నుంచి పేర్లు తెచ్చి నిన్ను గౌరవించడానికి నేను తడుముకోను. ఉరుములాంటి ఈస్కిలస్‌ను, యూరిపిడీస్‌ను, సోఫొక్లీస్‌ను, రోము విషాదనాటక కవులను తిరిగి బ్రతికించి, నీ నాటకానికి రంగస్థలం ఎలా దద్దరిల్లుతుందో విను అని పిలుస్తాను: ఇదీ ఆ వాక్యం నడక. అంటే వాక్యం బరువంతా పొగడ్త మీద ఉంది. లాటిన్, గ్రీకుల సంగతి ఆ పొగడ్తకు మెట్టుగా వేసినది.

ఇప్పుడు వ్యాకరణానికి వద్దాం. బడిలో మనం నేర్చుకున్న అప్యర్థకానికి, అంటే ‘ఒకటి జరిగినా మరొకటి ఆగదు’ అని చెప్పే ‘-ఇనా’ రూపానికి, ఒక చక్కని గుణముంది. ‘వాన పడినా వెళ్లాను’ అంటే వాన పడిందని తెలుస్తుంది. ‘వాన పడినా వెళ్తాను’ అంటే వాన పడుతుందో లేదో తెలియదు, పడినా సరే వెళ్తానని మాత్రమే అర్థం. ‘పడినా’ అన్న రూపం మారలేదు. జరిగినదా, ఊహించినదా అన్నది ప్రధానక్రియ తేలుస్తుంది. ‘పడినప్పటికీ’ అలా కాదు. అందులో ‘అప్పటికి’ అన్న కాలవాచకం ఉండడం వల్ల, పని జరిగిందన్న నిశ్చయం వైపు అది సాధారణంగా మొగ్గుతుంది. ‘రేపు వాన పడినప్పటికీ వెళ్తాను’ అని పత్రికల్లో రాస్తారు గాని, ఇంట్లో మాట్లాడేటప్పుడు మన నోట ‘పడినా’ అనే వస్తుంది.

బెన్ జాన్సన్ వాడిన ‘దో దౌ హాడ్‌స్ట్’ సరిగ్గా మన ‘అయినా’ వంటి రూపమే. ఆ కాలపు ఇంగ్లీషులో ‘దౌ హాడ్‌స్ట్’ నిశ్చయార్థంలోనూ అదే, ఊహార్థంలోనూ అదే. 19వ శతాబ్దంలో, షేక్‌స్పియర్‌ను ప్రస్తావించిన పాత రాతలన్నిటినీ ఏర్చి కూర్చిన సి. ఎం. ఇంగ్లెబీ ఈ సంగతినే పట్టుకున్నాడు. ఇక్కడ ఉన్నది ఊహార్థకమని, ‘నీకు పాండిత్యం కొద్దిగా మాత్రమే ఉన్నదనుకున్నా’ అని అర్థం చెప్పాలని, షేక్‌స్పియర్‌కు లాటిన్ తక్కువని బెన్ జాన్సన్ చెప్పనే లేదని ఆయన వాదన. ప్రధానక్రియ ‘ఐ వుడ్ నాట్ సీక్’ (తడుముకోను) అని ఉండడం ఆ వాదనకు బలం. అది మన ‘వెళ్తాను’ కోవకు చెందినది, ‘వెళ్లాను’ కోవకు చెందినది కాదు.

ఇంగ్లెబీతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఊహించి చెప్పేవాడు ‘నీకు లాటిన్, గ్రీకు రాకపోయినా’ అంటాడు గాని, లాటిన్ ఇంత, గ్రీకు అంతకన్నా ఇంకొంత తక్కువ అని కొలిచి చెప్పడు. ఆ కొలతను బట్టి చూస్తే, తనకు బాగా తెలిసిన మనిషి గురించి తెలిసిన సంగతినే బెన్ జాన్సన్ అంటున్నాడనిపిస్తుంది. అయితే రూపం రెండర్థాలకూ చోటిస్తున్నప్పుడు, అనువాదంలో ఒక తలుపు మూసేసే హక్కు మనకు లేదు. ‘అయినప్పటికీ’ వద్దనడానికి నా మొదటి కారణమిది.

ఈ పాదం జీవిత చరిత్రకారుల చేతుల్లో ఎలా మారుతూ వచ్చిందో చూస్తే, రెండో కారణం దొరుకుతుంది.

17వ శతాబ్దం చివరి భాగంలో జాన్ ఆబ్రీ ప్రసిద్ధుల జీవిత విశేషాలను పోగుచేశాడు. లాటిన్ కొద్ది, గ్రీకు ఇంకా కొద్ది అని బెన్ జాన్సన్ అన్నాడని రాస్తూనే, ఆబ్రీ వెంటనే ‘అయినా ఆయనకు లాటిన్ బాగానే తెలుసు, చిన్నతనంలో పల్లెబడిలో పంతులుగా ఉన్నాడు’ అని చేర్చాడు. ఈ మాట తనకు విలియం బీస్టన్ చెప్పినట్టు గుర్తు పెట్టుకున్నాడు. ఆ బీస్టన్ తండ్రి క్రిస్టొఫర్ బీస్టన్ 1598లో బెన్ జాన్సన్ నాటకంలోనే షేక్‌స్పియర్‌తో కలిసి నటించినవాడు. అంటే ఇది ఊరివాళ్ల కథ కాదు, నాటక సమాజం లోపలి నుంచి వచ్చిన మాట. పంతులు ఉద్యోగానికి వేరే రుజువు లేదు, నిజమే. కాని బెన్ జాన్సన్ మాటను ఆ తరంవాళ్లు ‘లాటిన్ రాదు’ అన్న అర్థంలో తీసుకోలేదని ఇది చూపిస్తుంది.

1709లో నికొలస్ రో తాను పరిష్కరించిన షేక్‌స్పియర్ నాటక సంపుటాలకు ముందు రాసిన జీవిత కథనంతో అసలైన జీవిత చరిత్ర మొదలైంది. తండ్రి ఇబ్బందుల వల్ల కుర్రవాడిని బడి మాన్పించారని, దానితో లాటిన్ చదువు ముందుకు సాగలేదని రో రాశాడు. 1765లో డాక్టర్ శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలో ఇదే పాదాన్ని పేర్కొంటూ ‘కొద్దిపాటి లాటిన్, గ్రీకు అసలు లేదు’ అని రాశాడు. మూలంలో ఉన్నది ‘తక్కువ’. ఆయన రాతలో అది ‘లేదు’ అయింది. ‘అయినా’ అన్నది ఎగిరిపోయి, ‘అని అతని మిత్రుడు ధ్రువీకరిస్తున్నాడు’ అన్న సాక్ష్యంగా మారింది. నిఘంటువు కూర్చిన మహానుభావుడి చేతిలోనే ఒక సహాయక వాక్యం స్వతంత్ర వాక్యమైపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మరో రెండేళ్లకు, 1767లో, కేంబ్రిడ్జ్‌కు చెందిన రిచర్డ్ ఫార్మర్ షేక్‌స్పియర్ పాండిత్యం మీద ఒక చిన్న గ్రంథం వెలువరించాడు. ఇది నిజంగా గట్టి పని. ‘ఆంటొనీ అండ్ క్లియొపాట్రా’లో ఆంటొనీ ఆమెను ఏయే దేశాలకు రాణిని చేశాడో చెప్పేచోట ‘లిడియా’ అని ఉంది. ఈ నాటకానికి ఆధారమైన ప్లూటార్క్ జీవిత చరిత్రల గ్రీకు మూలంలో ‘లిబియా’ ఉంది కాబట్టి నాటకాన్ని దిద్దాలని అంతకుముందు పండితులు అన్నారు. ఫార్మర్ 1579లో అచ్చయిన థామస్ నార్త్ ఇంగ్లీషు అనువాదం తెరిచి, అందులోనే ‘లిడియా’ అని తప్పు పడిందని చూపించాడు. కవి గ్రీకు చూడలేదు, నార్త్‌ను చూశాడు. దీన్నెవరూ కాదనలేరు. కాని అక్కడి నుంచి ఫార్మర్ ఒక్క గంతు వేసి, బడిలో నేర్చిన లాటిన్‌లో షేక్‌స్పియర్‌కు మిగిలింది ఒక నాటకంలో పంతులు నోట ‘హిగ్, హ్యాగ్, హాగ్’ (లాటిన్ సర్వనామ రూపాలు ‘హిక్, హైక్, హాక్’కు వంకర ఉచ్చారణ) అనిపించడానికి సరిపడేంతేనని తేల్చాడు. గ్రీకు విషయంలో దొరికిన రుజువును లాటిన్‌కు కూడా అంటగట్టడం సబబు కాదు.

ఫార్మర్ ఎత్తిచూపిన ఆ సన్నివేశాన్నే దగ్గరగా చూడండి. ‘మెరీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాలుగో అంకంలో విలియం అనే కుర్రవాడిని పంతులు పరీక్షిస్తాడు. ‘లాపిస్ అంటే?’ ‘రాయి.’ ‘రాయి అంటే?’ ‘గులకరాయి.’ ‘కాదు, రాయి అంటే లాపిస్, బుర్రలో పెట్టుకో.’ నవ్వు పుట్టించే ఈ సంభాషణలో ఆనాటి బడి పద్ధతి మొత్తం ఉంది. లాటిన్‌ను ఇంగ్లీషులోకి తిప్పి, ఆ ఇంగ్లీషును మళ్లీ లాటిన్‌లోకి తిప్పించేవారు. పంతులు ఎదురుచూసింది ఆ తిరుగు ప్రయాణం కోసం. కుర్రవాడు దారి తప్పాడు. ‘టైటస్ ఆండ్రొనికస్’లో ఒకడు ఒక లాటిన్ వాక్యం చదవగా, ఇంకొకడు విని, ‘ఇది హొరేస్ పద్యం, ఎప్పుడో వ్యాకరణంలో చదివాను’ అంటాడు. నిజంగానే ఆ పద్యం విలియం లిలీ వ్యాకరణంలో ఉంది. అమరకోశం వల్లెవేసిన మన పెద్దలకు ఒక శ్లోకం ఎక్కడిదో తడుముకోకుండా గుర్తొచ్చినట్టు, ఆ తరం ఇంగ్లీషు కుర్రవాళ్లకు లిలీ పుస్తకం అలా గుర్తుండిపోయేది.

స్ట్రాట్‌ఫర్డ్ బడికి 1553లో రాజశాసనం అందింది. ఆనాటి విద్యార్థుల పట్టిక మిగలలేదు కనుక షేక్‌స్పియర్ అక్కడ చదివాడనడానికి కాగితం లేదు. కాని ఆయన తండ్రి 1568లో ఆ ఊరికి బెయిలిఫ్, అంటే పురపాలకాధికారి. కొడుకును మరెక్కడికి పంపుతాడు? ఆ ఊళ్లోని క్వైనీ కుటుంబంలో పదకొండేళ్ల కుర్రవాడు 1598లో తండ్రికి లాటిన్‌లో రాసిన ఉత్తరం మనకు మిగిలింది. కొద్దిపాటి లాటిన్ అంటే ఆ ఊళ్లో ఏ మాత్రమో ఊహించడానికి ఆ ఉత్తరం ఒక్కటి చాలు.

1944లో టి. డబ్ల్యు. బాల్డ్విన్ ఈ పాదాన్నే శీర్షికగా పెట్టుకుని రెండు పెద్ద సంపుటాలు వెలువరించాడు. ఇంగ్లండు వ్యాకరణ పాఠశాలల పాఠ్యపుస్తకాలు, వాటిని చదివే వరుస, అభ్యాసాలు అన్నీ తవ్వితీసి, నాటకాల్లో వాటి జాడలు చూపించాడు. చదవడం కష్టమైన పుస్తకమది, కాని ఆ తరవాత వచ్చిన ప్రతి మంచి జీవిత చరిత్రా దానికి ఋణపడి ఉంది. 1993లో జొనాథన్ బేట్ రోమన్ కవి ఓవిడ్‌తో షేక్‌స్పియర్ సంబంధం మీద రాసిన అధ్యయనంలో ఆ లోతు మరింత కనిపిస్తుంది. ‘టెంపెస్ట్’ చివరలో ప్రాస్పెరో మంత్రశక్తిని వదులుకునే ప్రసంగం ఓవిడ్ కావ్యంలోని మంత్రగత్తె మెడియా మాటల మీద నిలిచింది. కొండలమీది ‘ఎల్వ్స్’ను పిలవడం 1567 నాటి ఆర్థర్ గోల్డింగ్ అనువాదం నుంచి వచ్చింది, లాటిన్‌లో ఆ మాట లేదు. కాని గోల్డింగ్ ‘చెట్లు’ అని సరిపుచ్చిన చోట లాటిన్‌లో ‘రోబొరా’, అంటే ఓక్ మానులు, అని ఉంది. ప్రాస్పెరో చీల్చింది జూపిటర్ ఓక్ చెట్టునే. ఒక చేతిలో అనువాదం, ఇంకొక చేతిలో మూలం పెట్టుకున్న కవి ఇక్కడ కనిపిస్తున్నాడు. 1594 నాటి ‘లుక్రీస్’ కావ్యానికి ఆధారమైన ఓవిడ్ ‘ఫాస్టీ’కి అప్పటికి ఇంగ్లీషు అనువాదమే లేదు.

మరి బెన్ జాన్సన్ ‘కొద్ది’ అని ఎందుకన్నాడు? ఆయన వెస్ట్‌మిన్‌స్టర్ పాఠశాలలో విలియం కామ్డెన్ అంతటి పండితుని దగ్గర చదువుకున్నాడు. 1605లో అచ్చయిన తన ‘సెజానస్’ నాటకం అంచుల నిండా లాటిన్ ఆకరాలు చూపినవాడు. ఆ నాటకంలో షేక్‌స్పియర్ కూడా నటించాడు. అటువంటివాని త్రాసులో ‘కొద్ది’ తూగినది ఇవాళ్టి కొలతలో కొద్ది కాదు. పైగా అదే పద్యంలో, ‘అంతా ప్రకృతికే ఇవ్వను, నీ కళకూ వాటా ఉండాలి’ అని, మంచి కవి పుట్టడమే కాదు, తయారవుతాడు కూడా అని ఆయనే అన్నాడు. షేక్‌స్పియర్‌ది సహజమైన ‘అడవి పాట’ అని కవి మిల్టన్ చెప్పిన పోలిక తరవాత సహజకవి అన్న బొమ్మే జనానికి నచ్చింది గాని, బెన్ జాన్సన్ వేసిన బొమ్మ అది కాదు. మనలోనూ పోతన తనకు చెప్పుకున్న ‘సహజపాండిత్య’ బిరుదులో ‘సహజ’ను మాత్రం పట్టుకుని ‘పాండిత్య’ను వదిలేసేవారు ఉన్నారు కాబట్టి, ఈ ధోరణి మనకు కొత్త కాదు. చదువులేనివాడు ఇన్ని నాటకాలు ఎలా రాస్తాడని కర్తృత్వాన్నే సందేహించేవారు తమ వాదానికి ఈ పాదాన్ని వాడుకుంటారు. వారి చేతిలోనూ ఉన్నది వాక్యంలో సగమే.

ఇక సభ్యురాలి ప్రశ్నకు నా సమాధానం. ‘అయినప్పటికీ’ తీసి ‘అయినా’ ఉంచండి. ‘కొద్దిపాటిదే’, ‘తక్కువే’ అన్న మాటల్లో మీరు చేర్చిన ‘ఏ’ మూలంలో లేదు. అది చిన్నచూపు తెస్తోంది కనుక దాన్నీ తీసేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ పాదాన్ని ఒంటరిగా ఉదహరించవద్దు. ప్రధానక్రియ దాకా తీసుకువెళ్లండి: ‘నీ లాటిన్ కొద్దిపాటిదైనా, నీ గ్రీకు అంతకన్నా తక్కువైనా, అక్కడి పేర్లతో నిన్ను గౌరవించడానికి నేను తడుముకోను.’ వ్యాసంలో స్థలముంటే ఈస్కిలస్‌ను పిలిచే తరవాతి పాదాన్ని కూడా చేర్చండి. ‘తడుముకోను’కు ఇంకా మంచి మాట ఎవరికైనా తోస్తే ఇక్కడే చెప్పగలరు.