బ్లాగుల సెర్చ్ ఇంజన్ మన లైబ్రరీలకు పనికొస్తుందా?

పర్లాకిమిడి_పుస్తకాలమ్మి: మార్జినాలియా అని ఒక సెర్చ్ ఇంజన్ వాడి చూశాను. స్వీడన్‌లో ఒక ప్రోగ్రామర్ మొదలుపెట్టింది. వ్యాపార సైట్లను వెనక్కి నెట్టి, రాత ఎక్కువున్న చిన్న సైట్లను ముందు చూపిస్తుంది. బ్లాగులకు విడిగా ఫిల్టర్ ఉంది. పాత పుస్తకాల బైండింగ్, చెదలు, కాగితం పెళుసుబారడం లాంటివి గూగుల్‌లో వెతికితే అన్నీ అమ్మకాల పేజీలే. ఇందులో ఆ పని చేసినవాళ్ళు రాసినవి వచ్చాయి. తెలుగులో అడిగితే మాత్రం ఏమీ రాలేదు. లైబ్రరీలో పనిచేసేవాళ్ళు వాడాలనే నా మాట. మీరేమంటారు?

బరంపురం_మాస్టారు: తెలుగు రాని ఇంజన్ తెలుగు పాఠకుడికి ఎందుకమ్మా? పైగా బ్లాగు తేదీని ఎలా నమ్ముతాం? బ్లాగర్ సైట్‌లో టపా (పోస్టు) తేదీని రాసినవాడే వెనక్కి మార్చుకోవచ్చు. తేదీ తేలనిది రిఫరెన్సుగా ఇస్తే రేపు తిట్లు తినేది మనమే.

పర్లాకిమిడి_పుస్తకాలమ్మి: అనుమానముంటే, పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని మొదట ఎప్పుడు భద్రపరిచారో చూడొచ్చు మాస్టారూ. తెలుగుకైతే గూగుల్‌లోనే బ్లాగ్‌స్పాట్, వర్డ్‌ప్రెస్ సైట్లకు పరిమితం చేసి వెతుకుతున్నాను. మన ఊరి పేరు తలా ఒక రకంగా రాస్తారు కాబట్టి పర్లాకిమిడి, పర్లాఖెముండి రెండూ వేయాలి. గిడుగు రామమూర్తి గారి సవర భాషా కృషి గురించి ఒక కుర్రాడు అడిగాడు. అలా దొరికిన టపా చివర, 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసిన ఆయన సవర భాషా గ్రంథం వివరాలున్నాయి. మా కేటలాగులో దాని ఊసే లేదు. నేను కుర్రాడికి ఇచ్చింది ఆ పుస్తకం వివరాలు, బ్లాగును కాదు.

రాయగడ_రైలు: తెలుగు బ్లాగులను ఒకచోట చేర్చే కూడలి, జల్లెడ, హారం సైట్లు ఉన్న రోజుల్లో కొత్త టపాలన్నీ ఒకేచోట కనిపించేవి. ఈ తంటా లేదు.

బరంపురం_మాస్టారు: భద్రపరిచిన తేదీ, రాసిన తేదీ ఒకటి కాదు. అసలు వేబ్యాక్‌లో లేని పేజీ సంగతేమిటి? గూగుల్ 2005లో బ్లాగ్ సెర్చ్ పెట్టి, తర్వాత తీసేసింది. బ్లాగులను వెతికిపెట్టే టెక్నోరాటి కూడా 2014లో బ్లాగుల సూచీ ఎత్తేసింది. అంతటివాళ్ళే చేతులెత్తేశాక దీన్ని నమ్ముకోమంటారా?

జయపురం_పిల్ల: అచ్చయిన సంవత్సరం వేయని పుస్తకాలు మన బీరువాల్లోనే బోలెడున్నాయి కదండీ. వాటినేం చేద్దాం?

బరంపురం_మాస్టారు: పుస్తకం చేతిలో ఉంటుంది. దాన్ని ఎవడూ రాత్రికి రాత్రి మార్చలేడు. తేదీకి జవాబు చెప్పండి ముందు.

పర్లాకిమిడి_పుస్తకాలమ్మి: చెప్పాను, మీకు వినే ఉద్దేశం లేదు. ఆ ఇంజన్ ఒక్కసారైనా తెరిచారా? తెరవకుండానే తీర్పా?

బరంపురం_మాస్టారు: తెరవలేదు, తెరవను కూడా. ఎందుకో వినండి. నేను సభ్యుడిగా ఉన్న ఒక లైబ్రరీలో తెలుగు పుస్తకాలు కొనమని జాబితా ఇస్తే, "అన్నీ నెట్‌లో ఊరికే దొరుకుతున్నాయి కదా" అని కమిటీ పక్కన పడేసింది. తెలుగు బీరువా ఉన్నచోట ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు పేర్చారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి మన ఊళ్ళు ఇటు, ఒడిశాలో పడ్డాయి. అప్పట్నుంచీ తెలుగు బడైనా, పుస్తకమైనా అడిగి అడిగి తెచ్చుకుంటున్నవే. బ్లాగుల్లో దొరుకుతుందని మీరు రాసే ప్రతి మాటా వాళ్ళకు సాకవుతుంది.

పర్లాకిమిడి_పుస్తకాలమ్మి: ఈ మాట మొదటే అనొచ్చుగా, మధ్యలో తేదీల గోలెందుకు? బీరువా తీసేయమని నేనన్నానా? ఏ పుస్తకం కావాలో తెలిస్తేనే కదా కొనమని అడగ్గలం. పత్రికల్లో సమీక్ష రాని చిన్న ప్రచురణల గురించి బ్లాగర్లే రాస్తున్నారు. ఆ టపాలు ప్రింటు తీసి మా జాబితాకు జతచేసి పంపుతాను.

బరంపురం_మాస్టారు: పంపండి. డబ్బు మంజూరైతే చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం. అంతదాకా మా కమిటీ ముందు బ్లాగు మాట ఎత్తనివ్వను.

రాయగడ_రైలు: గొడవ సరే గానీ, ఆ 1931 పుస్తకం స్కాన్ లింకు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి బాబూ.