ఎనిమిది ఔట్ల దూరంలో ఆగిపోయాం. ఈ బేస్‌బాల్ సీజన్ తెనాలి నుంచి చూడాలి, ఎలా?

కంట్రోలర్ తాతయ్య, బోథెల్

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, ముందు కథ కొంచెం పెద్దది. ఓపిక చేసుకోండి.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు చేసి కంట్రోలర్‌గా రిటైరయ్యాను. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, ఎందుకు లేటయింది, ఇవన్నీ రాయడమే నా పని. 2022 ఆగస్టులో మా అబ్బాయి దగ్గరికి, సియాటిల్ పక్కన బోథెల్‌కి వచ్చాం. సాయంత్రాలు తోచక మనవడి పక్కన కూర్చుని సియాటిల్ బేస్‌బాల్ టీమ్ మారినర్స్ మ్యాచ్‌లు చూసేవాణ్ణి. మొదట్లో నాకది ఆటలాగే అనిపించలేదు. ఒకడు విసురుతాడు, ఇంకొకడు కొట్టడు, మిగతావాళ్లు పొద్దుతిరుగుడు గింజలు నమిలి ఉమ్ముతుంటారు.

ఒకరోజు మనవడు స్కోర్ షీట్ రాయడం నేర్పాడు. బంతి విసిరే పిచర్ 1, బ్యాటర్ వెనక కూర్చుని అందుకునే క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, రెండో మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్‌కి, అక్కణ్ణుంచి మొదటి బేస్‌కి పంపి ఇద్దర్ని ఔట్ చేస్తే 6-4-3. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి మూడో స్ట్రైక్‌కి ఔటైతే, అద్దంలో కనబడేలా తిరగేసిన కే అక్షరం. అరే, ఇది నా లాగ్‌షీటే కదా అనిపించింది. ఆ సెప్టెంబర్ 30న కాల్ రాలీ ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) 21 ఏళ్ల తర్వాత టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. నేను వచ్చిన రెండో నెలకే! మనవడు నన్ను లక్కీ తాతయ్య అన్నాడు. ఇక ఎక్కడికి పోతాను?

పోయిన ఏడాది (2025) సంగతి మీకు తెలుసు. అదే కాల్ రాలీ, రోజూ గొంతుక్కూర్చునే క్యాచర్, 60 హోమ్ రన్లు కొట్టాడు. టీమ్ రికార్డు పాతతరం హీరో గ్రిఫీది 56, అదీ దాటేశాడు. అతని వెనకభాగం చూసి 'బిగ్ డంపర్' అని పేరు పెట్టారట. మనవడు అర్థం చెబితే మా ఆవిడ 'మన ఇసక టిప్పర్ అన్నమాట' అంది. అప్పట్నుంచి మా ఇంట్లో అతను టిప్పరే.

అక్టోబర్ 20, దీపావళి. టొరంటోలో, వాళ్ల టీమ్‌తో సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్. అది గెలిస్తే వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్. 1977లో మొదలైన ఈ టీమ్ ఇంతవరకు వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. 30 టీముల్లో అలాంటిది ఇదొక్కటే. కోడలు దీపాలు పెడదాం రమ్మంటోంది. ఏడో ఇన్నింగ్స్ అయ్యాక వస్తామన్నాం. 3-1తో మనమే ముందున్నాం. వాళ్లలో ఒకడు ఔట్, ఇద్దరు బేస్‌ల మీద. ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున ఇంకో ఎనిమిది ఔట్లు చాలు. పిచర్‌ని మార్చారు. వాళ్ల స్ప్రింగర్ హోమ్ రన్ కొట్టాడు. మూడు పరుగులు, 4-3. అంతే. ఆఖర్న మన జూలియో రోడ్రిగెజ్ మూడు స్ట్రైక్‌లతో ఔటైనప్పుడు, తర్వాతి వంతు కోసం టిప్పర్ బ్యాట్ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

నా పుస్తకంలో స్ప్రింగర్ గడి ఇప్పటికీ ఖాళీ. సర్వీసులో ఒక్క ట్రిప్పు కూడా రాయకుండా వదల్లేదు, అది మాత్రం చెయ్యి రాలేదు. ఆ రాత్రి మా ఇంట్లో దీపాలు తొమ్మిదింటికి వెలిగాయి. మనవడు రెండు రోజులు సరిగా తినలేదు. నేను పెద్దవాణ్ణి కాబట్టి తిన్నట్టు కనిపించాను.

ఇప్పుడు అసలు సంగతి. మార్చి 10న తెనాలి వెళ్తున్నాం, జూన్ దాకా అక్కడే. కౌలు లెక్కలున్నాయి, మా మరదలి కూతురి పెళ్లి ఉంది. అక్కణ్ణుంచి మ్యాచ్‌లు చూడ్డం ఎలా? రెండోది అడగడానికి సిగ్గుగా ఉంది కానీ అడుగుతున్నాను. ఆశ పెట్టుకోవచ్చా? మన బ్యాటర్లలో పొలాంకో న్యూయార్క్ మెట్స్‌కి వెళ్లిపోయాడు, సువారెజ్ సిన్సినాటికి పోయాడు. టిప్పర్ 159 మ్యాచ్‌లాడి, సరిపోదన్నట్టు మార్చిలో అమెరికా తరఫున వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ (వరల్డ్ కప్ లాంటిది) కూడా ఆడబోతున్నాడు. ఆ మోకాళ్లు ఏమవుతాయో! 2001లో 116 గెలిచిన తర్వాత 20 ఏళ్లు ఏమీ లేదని చెబుతారు. నాకిప్పుడు 68.


మియాపూర్ నైట్‌షిఫ్ట్

బాబాయ్ గారూ, మొదటిదానికి నేను చెప్తా. టకోమాలో నాలుగేళ్లు ఉన్నప్పుడు అంటుకున్న పిచ్చి ఇది, హైదరాబాద్ వచ్చినా పోలేదు.

ఎంఎల్‌బీ టీవీ అని లీగ్ వాళ్ల సొంత యాప్ ఉంది. అమెరికాలో ఉంటే లోకల్ టీమ్ మ్యాచ్‌లు యాప్‌లో రాకుండా ఆపేసే బ్లాకౌట్ల గోల ఉంటుంది కదా, ఇండియా నుంచి మారినర్స్‌కి ఆ బాధ లేదు. సియాటిల్‌లో సాయంత్రం 7:10 అంటే మనకు మర్నాడు పొద్దున 7:40. ఇడ్లీతో మొదలుపెడితే పదిన్నర లోపల అయిపోతుంది. పిచర్ ఆలస్యం చేయకుండా పిచ్ క్లాక్ అనే గడియారం పెట్టాక మ్యాచ్‌ల టైమ్ బాగా తగ్గింది. న్యూయార్క్, బోస్టన్ వెళ్లినప్పుడు మాత్రం తెల్లారుజామున నాలుగున్నరకి లేవాలి. సియాటిల్‌లో మధ్యాహ్నం 1:10 మ్యాచ్ ఇక్కడ రాత్రి 1:40, దాని జోలికి పోకండి, పొద్దున రీప్లే చూసుకోండి. యాప్‌లో స్కోర్లు దాచిపెట్టే సెట్టింగ్ ఉంది, ముందే ఆన్ చేయండి. మీ అబ్బాయికి కూడా చెప్పండి, ఫ్యామిలీ గ్రూపులో 'అయ్యో' అని ఒక్క మాట పెట్టినా మొత్తం తెలిసిపోతుంది. నాకు మా బావమరిది అలాగే మూడు మ్యాచ్‌లు పాడుచేశాడు.

మొదటి మ్యాచ్ మార్చి 26న, క్లీవ్‌లాండ్‌తో, సియాటిల్‌లోనే. శ్రీరామనవమి హడావుడిలో పడుతుంది. పానకం గ్లాసు పక్కన పెట్టుకోండి.

తెనాలిలో ఏప్రిల్, మే కరెంటు ఎలా ఉంటుందో మీకే తెలుసు. రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్‌కి కలపండి.


లిన్‌వుడ్ లక్ష్మి

అన్నయ్య గారూ, మేం ఇక్కడికొచ్చింది 1998లో. రెండో ప్రశ్నకి జవాబు నేను చెబుతాను, ఎందుకంటే 2001 తర్వాత ఆ కరువంతా నేను కళ్లారా చూశాను. మా పెద్దమ్మాయి 2001లో పుట్టింది. మళ్లీ ప్లేఆఫ్స్ వచ్చేసరికి దానికి 21. 2023లో ఒక్క గెలుపు తక్కువై బయటే ఉన్నాం, 2024లోనూ ఒక్క గెలుపే. అలాంటి టీమ్‌తో కాపురం చేసినవాళ్లం మేం.

కానీ 2001 టీమ్ వేరు. గ్రిఫీ, ర్యాండీ జాన్సన్, అలెక్స్ రోడ్రిగెజ్ లాంటి పెద్ద ఆటగాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. ఎడ్గర్ మార్టినెజ్‌కి 38, జేమీ మోయర్‌కి 38. దీపం ఆరే ముందు వెలుగన్నట్టు ఉండేది, మాకప్పుడు తెలియలేదు. ఇప్పుడు చూడండి. జూలియోకి 25, పిచర్లలో బ్రయన్ వూకి 26, కర్బీ, గిల్బర్ట్ ఇద్దరికీ 28. కాల్ 2030 దాకా ఒప్పందంలో ఉన్నాడు. మొదటి బేస్ దగ్గర ఆడే నేలర్‌ని ఐదేళ్లకి 92.5 మిలియన్ డాలర్లిచ్చి నిలబెట్టుకున్నారు. ఆ మనిషి ఆకారం చూస్తే వంటవాళ్ల బ్యాచ్‌లో మేస్త్రీలా ఉంటాడు, పోయిన ఏడాది మనకు ఆడిన 54 మ్యాచ్‌ల్లోనే 19 బేస్‌లు దొంగిలించాడు, అంటే పిచర్ విసిరేలోపే తర్వాతి బేస్‌కి పరుగెత్తాడు! పొలాంకో పోయాడని నాకూ బాధే. సెయింట్ లూయిస్ నుంచి బ్రెండన్ డోనోవన్ వచ్చాడుగా. దానికోసం రెండు చేతులతోనూ విసరగలిగే కుర్ర పిచర్‌ని ఇచ్చేశారని మా చిన్నాడు అలిగాడు, అది వేరే కథ.

కాల్ 60 మళ్లీ కొట్టడు. కొట్టాలని అనుకోవడమే తప్పు. 2024లో 34 కొట్టాడు, అదే క్యాచర్‌కి గొప్ప. ఈసారి 40 కొడితే కళ్లకద్దుకుంటాను. నాకు మోకాళ్ల కన్నా కొత్త రూల్ మీద టెన్షన్. ఈ ఏడాది నుంచి స్ట్రైకా బాలా (బంతి హద్దులో వచ్చిందా, బయట పడిందా) అన్నదానికి అంపైర్ మీద అప్పీలు చేయొచ్చు, క్రికెట్‌లో డీఆర్ఎస్ లాగా. టీమ్‌కి రెండు. నెగ్గితే మిగిలే ఉంటుంది, ఓడితే ఒకటి పోతుంది. డగౌట్‌లోంచి ఎవరూ సైగ చేయకూడదు, పిచర్, క్యాచర్, బ్యాటర్ ఈ ముగ్గురిలో ఒకరే టోపీయో హెల్మెట్టో తట్టి అడగాలి. కాల్‌కున్న పెద్ద విద్య ఏంటంటే కొంచెం బయట పడ్డ బంతిని కూడా గ్లవ్‌తో నెమ్మదిగా లోపలికి లాగి స్ట్రైక్ అనిపించడం. ఆ చేతివాటానికి ఇప్పుడు కెమెరా కాపలా. కానీ ఎప్పుడు టోపీ తట్టాలో అందరికన్నా అతనికే బాగా తెలుస్తుందనుకోండి.

ఇక పిచర్ల మోచేతులూ భుజాలూ అంటారా, అది వరి పొలం మీద వాన లాంటిది. మన చేతిలో లేదు. వూ పోయిన ఏడాది మొదటి 25 మ్యాచ్‌ల్లో ప్రతిసారీ ఆరు ఇన్నింగ్స్ వేశాడు, తీరా సెప్టెంబర్‌లో ఛాతీ కండరం పట్టేసింది.

ఒక్క మాట. ఆ ఏడో ఇన్నింగ్స్‌లో మునోజ్‌ని ఎందుకు పిలవలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆస్తి లాకర్లో పెట్టి ఇల్లు అమ్ముకున్నట్టు, మన దగ్గరున్న మంచి పిచర్‌ని అసలు అవసరమైనప్పుడు దించకుండానే సీజన్ పోగొట్టుకున్నాం. మావారు ఈ విషయం ఎత్తొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు, ఇక్కడ రాస్తే ఎత్తినట్టు కాదు.


పవన్, క్రికెట్ చాలదా

ఎప్పుడూ గెలవని టీమ్ కోసం ఏడాదికి 162 మ్యాచ్‌లా? దండం మీకు. అయినా ఆర్‌సీబీకే 18వ సీజన్‌లో కప్పొచ్చింది, మీకూ వస్తుందిలే.


లిన్‌వుడ్ లక్ష్మి

మాది ఇప్పుడు 50వ సీజన్ బాబూ. 18 అంటే ఇంకా ఎల్‌కేజీ.


టొరంటో శ్రీను

అంకుల్, క్షమించండి, ఆ రాత్రి మా ఇంట్లో కాల్చిన టపాకాయలన్నీ స్ప్రింగర్ కోసమే. దీపావళి కాబట్టి పొరుగువాళ్లు ఏమీ అనలేదు.

కానీ తర్వాత మాకేమైందో చూశారుగా? నవంబర్ 1 రాత్రి, మా ఊళ్లోనే, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్, 4-3తో మేమే ముందు. మీకు ఎనిమిది ఔట్లు, మాకు రెండే. వాళ్ల మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. హోమ్ రన్లకు పేరున్న మనిషి కూడా కాదు! ఆ తర్వాత మా వంతులో మూడు బేస్‌లూ నిండి, ఒక్క పరుగు వస్తే చాలనగా, హోమ్ ప్లేట్ దగ్గర వెంట్రుకవాసిలో ఔట్. 11వ ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ ఇంకోటి కొట్టాడు. 5-4. నేను ఆ మ్యాచ్ మళ్లీ ఒక్క నిమిషం కూడా చూడలేదు. మీరు కనీసం పుస్తకంలో ఆ పేజీ ఉంచుకున్నారు. మావాళ్లలో బిషెట్ కూడా వెళ్లిపోయాడు.

మమ్మల్ని మీరు గెలిచి ఉంటే ఆ రాత్రి మీ ఇంట్లో పండగ జరిగేదని మాత్రం అనుకోవద్దు. డాడ్జర్స్ డాడ్జర్సే.


లిన్‌వుడ్ లక్ష్మి

శ్రీనూ, ఓదార్పా ఇది, కారం చల్లడమా?

అన్నయ్య గారూ, మీకు ఇంకో పేజీ గుర్తుచేస్తాను. అక్టోబర్ 10, డెట్రాయిట్‌తో 15 ఇన్నింగ్స్. మేం స్టేడియంలో ఉన్నాం. అక్కడ ఇన్నింగ్స్‌ల మధ్య సాల్మన్ చేపల వేషాలు వేసుకుని నలుగురు పరుగుపందెం పెడతారు కదా. అందులో హంపీ అనే చేప అప్పటిదాకా ఒక్కసారీ గెలవలేదు. ఆ రాత్రి హంపీ గెలిచింది. మా సెక్షన్‌లో ముసలీ ముతకా లేచి గంతులేశారు, పక్కనున్న తెల్లాయన నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. తర్వాత కాసేపటికి పొలాంకో కొట్టాడు, 3-2. తిరిగి వెళ్లేటప్పుడు రైల్లో నిలబడ్డానికి చోటు లేదు, ఎవరికీ కాళ్లనొప్పి లేదు. హంపీ గెలిచిన ఊళ్లో ఆశ పెట్టుకోవచ్చా అని అడుగుతారేంటి?


కంట్రోలర్ తాతయ్య, బోథెల్

అందరికీ థాంక్స్. లక్ష్మమ్మా, ఆ 15 ఇన్నింగ్స్ పేజీ తీసి చూశాను. గళ్లు చాలక మనవడి లెక్కల పుస్తకంలోంచి కాయితం చింపి అతికించాను, జిగురు మరక ఇంకా ఉంది. శ్రీనూ, నీ మీద కోపం లేదు. రెండు ఔట్ల దూరం అంటే బస్సు డిపో గేటు దగ్గరకొచ్చి చెడిపోయినట్టు. దానికన్నా దారిలో చెడిపోవడమే నయం.

మునోజ్ సంగతి మా ఇంట్లో కూడా ఎత్తకూడదు. మా అబ్బాయి ఒప్పుకోడు, ఆరోజు బ్యాటింగే పడుకుంది అంటాడు. మూడు పరుగులతో ఎంతసేపు లాగుతాం అంటాడు. అతనిదీ నిజమే, కానీ నేను లక్ష్మమ్మ పార్టీ.

మనవడితో మాట్లాడాను. ఇద్దరం ఒకే మ్యాచ్‌కి ఎవరి షీట్ వాళ్లు రాసి, అయ్యాక ఫొటో తీసి పంపుకోవాలి. తేడా వస్తే వీడియో చూసి తేల్చాలి. తప్పు రాసినవాడు రెండోవాడికి ఒక డాలర్ ఇవ్వాలి. నేను రూపాయల్లో ఇస్తానన్నాను, వాడు ఒప్పుకోలేదు. సామాన్లలో నాలుగు స్కోర్ పుస్తకాలు పెట్టాను, మా ఆవిడ వాటిని తీసి పెళ్లికి చీరలు పెట్టింది. మళ్లీ రెండు దూర్చాను. సెప్టెంబర్‌లో ఎవరో అభిమాని ఆన్‌లైన్‌లో మంత్రగత్తెకి డబ్బు కట్టాక మనవాళ్లు వరసగా పది గెలిచారట కదా, అది విని మా ఆవిడ వైకుంఠపురం వెంకన్నకి మొక్కుకుంది. ఏం మొక్కిందో చెప్పడం లేదు. నా జుట్టు జోలికి రాకుంటే చాలు.

స్ప్రింగర్ గడి గురించి మనవడు ఒక మాటన్నాడు: 'రాయకపోతే షీట్ పూర్తవదు తాతయ్యా, టోటల్ కుదరదు.' నేను నేర్పిన మాటే. నిన్న రాత్రి పెన్సిల్‌తో రాశాను.

మియాపూర్ బాబూ, ఆ ఇన్వర్టర్ మీద రౌటరూ టీవీ రెండూ కలిపి ఎన్ని గంటలు నడుస్తాయి? 15 ఇన్నింగ్స్ వస్తే దాదాపు ఐదు గంటలు కావాలి మరి.