కొర్రమీను, రవ్వ పాపులేషన్లు పోల్చడానికి ఏ మార్కర్ పెట్టుకోవాలి? (డిండి, పానగల్లు, కోయిల్‌సాగర్, జూరాల)

డిండి_వాగు (ప్రశ్న):

అందరికీ నమస్తే. జువాలజీలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను, ఊరు దేవరకొండ వైపు. టాపిక్ దాదాపు ఖాయమైంది. మన దక్షిణ తెలంగాణ నీళ్ళలో కొర్రమీను, రవ్వ ఒక రిజర్వాయర్‌కీ ఇంకో రిజర్వాయర్‌కీ జెనెటిక్‌గా ఎంత తేడాగా ఉన్నాయో చూడాలి. అందుకు డీఎన్‌ఏలో ఏ చోట్లు పోల్చాలో, అంటే ఏ మార్కర్ పెట్టుకోవాలో తేలడం లేదు. అనుకున్న చోట్లు డిండి, పానగల్లు ఉదయ సముద్రం, కోయిల్‌సాగర్, జూరాల, నాగార్జున సాగర్.

ల్యాబ్‌లో పీసీఆర్ మెషీన్ ఉంది, డీఎన్‌ఏ ముక్కల్ని సైజు వారీగా విడదీసే అగరోజ్ జెల్ సెటప్ ఉంది, సీక్వెన్సర్ లేదు, బయటికి పంపాల్సిందే. గైడ్ గారేమో ఆర్‌ఏపీడీ (ఏదో ఒక చిన్న ప్రైమర్ అతుక్కున్న చోటల్లా డీఎన్‌ఏ ముక్కల్ని పెంచి చూసే పద్ధతి) చాలు, జెల్ మీద బ్యాండ్లు లెక్కపెట్టి రాసేయొచ్చు అంటున్నారు. సీనియర్ ఒకాయన సీఓఐ బార్‌కోడింగ్ చేసి వదిలేయమంటాడు. ఇంకొకరు మైక్రోశాటిలైట్లు లేకపోతే ఏ జర్నల్ కూడా తీసుకోదని భయపెట్టారు. ఫెలోషిప్ డబ్బులు ఎంతుంటాయో మీకు తెలిసిందే, మూడూ చేసే స్తోమత లేదు. ముందు దేనిమీద పెట్టాలి? ఒక్కో చోట ఎన్ని చేపలు కావాలి? చేపల మార్కెట్లో కొని రెక్క ముక్క కోసుకుంటే నడుస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

పీసీఆర్_మనిషి:

మార్కర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు అడుగుతున్న ప్రశ్న ఏంటో తేల్చుకోండి, ఎందుకంటే మీ పోస్టులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. "ఇది ఏ జాతి చేప" అనేది ఒకటి, "ఈ చెరువు చేపా ఆ చెరువు చేపా ఒకే మందా వేరువేరా" అనేది ఇంకొకటి.

మొదటిదానికి సీఓఐ బాగా పనికొస్తుంది. ఇది మైటోకాండ్రియాలో ఉండే జీన్. 2003లో పాల్ హెబర్ట్ బృందం జంతువులకు దీన్నే బార్‌కోడ్‌గా వాడదామని ప్రతిపాదించింది, 2005లో వార్డ్ బృందం ఆస్ట్రేలియా చేపల మీద చేసి చూపించింది. వాళ్ళు వాడిన ప్రైమర్లతో (పీసీఆర్‌లో కావాల్సిన చోటును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 655 బేస్‌ల ముక్క వస్తుంది, మన చేపలకు కూడా ఆ ప్రైమర్లు మామూలుగా పనిచేస్తాయి. శాంగర్ సీక్వెన్సింగ్ బయట చేయిస్తే ఒక్కో నమూనాకు వందల్లోనే అవుతుంది, వేలు కాదు.

కానీ రెండో ప్రశ్నకు సీఓఐ ఒక్కదానితో పోతే ఇరుక్కుంటారు. ఒకే నది చేపల్లో సీఓఐ పెద్దగా మారదు, అయిదు చోట్ల నుంచి తెచ్చినా రెండు మూడు హ్యాప్లోటైప్‌లే (సీక్వెన్స్ రకాలే) రావచ్చు. పైగా మైటోకాండ్రియా డీఎన్‌ఏ, ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు, తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుంది, తండ్రి కథ అందులో ఉండదు. మైటోకాండ్రియాలోనే ఇంకాస్త వేగంగా మారేది కావాలంటే కంట్రోల్ రీజియన్, అంటే డీ-లూప్ చూడండి.

మైక్రోశాటిలైట్ల విషయం వేరు. న్యూక్లియస్ డీఎన్‌ఏలో రెండు నుంచి ఆరు బేస్‌ల చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లు అవి. ఆ ముక్క ఎన్నిసార్లు వచ్చిందనేది చేప చేపకూ మారుతుంది, తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ వస్తాయి. పాపులేషన్లు పోల్చడానికి ఇవి సరిపోతాయి. కొర్రమీనుకు, అంటే చన్నా స్ట్రయేటాకు, ప్రైమర్లు ఇప్పటికే ప్రచురించి ఉన్నాయి, కొత్తగా తయారు చేసుకోనక్కర్లేదు. చిక్కల్లా ఒకటే, రెండు బేస్‌ల తేడా అగరోజ్ జెల్ మీద కనబడదు. ప్రైమర్‌కు ఫ్లోరసెంట్ రంగు తగిలించి క్యాపిలరీ మెషీన్ మీద ఫ్రాగ్మెంట్ ఎనాలిసిస్, అంటే ముక్కల పొడవు కచ్చితంగా కొలవడం, చేయించాలి. ఖర్చు అక్కడే ఉంది.

ఆర్‌ఏపీడీ గురించి గైడ్ గారికి మెల్లగా నచ్చజెప్పండి. 1990లలో అందరూ చేశారు, అప్పట్లో చవకగా దొరికింది అదే. ఇవాళ చేసిన జెల్ రేపు చేస్తే అలాగే రాదు, మెషీన్ మారినా బ్యాండ్లు మారతాయి, తల్లీదండ్రుల నుంచి వచ్చిన రెండు కాపీలూ ఒకటేనా (హోమోజైగోట్) వేరా (హెటిరోజైగోట్) అన్న తేడా తెలియదు. ఇప్పుడు రివ్యూయర్ అది చూడగానే పక్కన పెడతాడు.

అలుగు_మీద:

తమ్మీ, నేను ల్యాబ్ మనిషిని కాదు, మత్స్య సహకార సంఘంలో పనిచేస్తాను, పానగల్లు దగ్గర్లోనే మా ఊరు. పైన సార్ చెప్పిన మార్కర్ల సంగతి నాకు తెలియదు గానీ నువ్వు ఎంచుకున్న చోట్లు చూస్తే ఒక మాట చెప్పాలనిపించింది.

ఉదయ సముద్రం వందల ఏళ్ళ నాటి పాత చెరువు, నిజమే, కానీ ఇప్పుడు అందులో ఉన్నది సాగర్ నీళ్ళు. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లికి, అక్కడి నుంచి ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో మన దగ్గరికి వస్తాయి. పెద్ద చేప మోటర్లో బతకదేమో గానీ గుడ్లూ సన్న పిల్లలూ నీళ్ళతో పాటు రాకుండా ఎట్లుంటాయి? కోయిల్‌సాగర్ కూడా అంతే, దానికి జూరాల నుంచి లిఫ్ట్ ఉంది. అంటే మ్యాప్ మీద నువ్వు అయిదు చోట్లు గీసినా నీళ్ళ లెక్కన చూస్తే సాగర్–పానగల్లు ఒక జత, జూరాల–కోయిల్‌సాగర్ ఒక జత. డిండి వాగు కూడా చివరికి పోయి కృష్ణలోనే కలుస్తుంది. ఇది తెలియకుండా "దూరంగా ఉన్నా తేడా లేదు" అని రాస్తే మా దగ్గర చిన్న పిల్లగాడు కూడా నవ్వుతాడు.

ఇంక రవ్వ సంగతి. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు ఇస్తోంది, బొచ్చె, రవ్వ, బంగారు తీగ, మ్రిగాల. అవి డిండిలో పుట్టినవి కాదు, జూరాలలో పుట్టినవి కాదు, హేచరీల నుంచి లారీల్లో వస్తాయి. ఎక్కువ భాగం కైకలూరు వైపు నుంచి వచ్చిన సీడే అని అందరికీ తెలుసు. నువ్వు డిండి రవ్వనూ జూరాల రవ్వనూ పోలిస్తే ఒక హేచరీనీ ఇంకో హేచరీనీ పోల్చినట్టే, డిండికీ జూరాలకీ దాంతో సంబంధం లేదు.

మార్కెట్లో కొనడమైతే అసలు వద్దు. నల్లగొండ మార్కెట్లో డ్రమ్ములో బతికున్న కొర్రమట్ట (కొర్రమీనే) చూపించి ఇది డిండిది అని అమ్ముతారు, అడిగితే సాగర్‌ది అని కూడా అంటారు. ఆంధ్ర వైపు పెంపకం చెరువుల నుంచి వచ్చే సరుకు కూడా అందులో కలిసే ఉంటుంది.

లెక్కల_పంతులు:

అలుగు_మీద అన్నగారు చెప్పింది ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్. నేను డేటా వైపు నుంచి కొంచెం కలుపుతాను.

పాపులేషన్ల మధ్య తేడాను ఎఫ్‌ఎస్‌టీ అనే విలువతో చెబుతారు. సున్నా అంటే తేడా లేదు, ఒకటి అంటే పూర్తిగా వేరు. స్యూవల్ రైట్ ఇచ్చిన కొలతలు ఇప్పటికీ వాడుతున్నారు: 0.05 లోపు తక్కువ, 0.15 దాకా మధ్యస్థం, 0.25 దాకా ఎక్కువ, ఆపైన చాలా ఎక్కువ. ఇప్పుడు లెక్క చూడండి. సాగర్ డ్యామ్ 1967లో పూర్తయింది, శ్రీశైలం 1980లలో, జూరాల 1990లలో. కొర్రమీను ఏడాది రెండేళ్ళలో ఈనుతుంది, కాబట్టి సాగర్ కట్టాక ఓ 50 తరాలు గడిచాయనుకుందాం, రెండు వైపులా రాకపోకలు అసలు లేవనే అనుకుందాం. ఒక్కో వైపు నిజంగా పిల్లలు పెట్టే చేపల ప్రభావ సంఖ్య, అంటే ఎఫెక్టివ్ సైజు, 1000 అయితే ఎఫ్‌ఎస్‌టీ సుమారు 0.025 దాకా మాత్రమే వస్తుంది. అది 100 అయితే 0.22 దాకా పోతుంది. అంటే పెద్ద రిజర్వాయర్‌లో డ్యామ్ వల్ల విడిపోయిన చేపల్లో అరవై ఏళ్ళలో పెద్ద తేడా దొరక్కపోవడమే సహజం, తేడా లేదు కాబట్టి డ్యామ్ ప్రభావం లేదు అని మాత్రం రాయకండి. ఇంత చిన్న తేడా పట్టుకోవాలంటే రెండు మూడు లోకస్‌లతో (డీఎన్‌ఏ చోట్లతో) కాదు, కనీసం 10, 12 మంచి మైక్రోశాటిలైట్లు, ఒక్కో చోట 25 నుంచి 30 చేపలు ఉండాలి. డబ్బులుంటే వేల ఎస్‌ఎన్‌పీలు (ఒక్క బేస్ తేడాలు) ఇచ్చే డీడీర్యాడ్ లాంటి సీక్వెన్సింగ్ పద్ధతులు ఉన్నాయి, మీ బడ్జెట్‌కి అది వదిలేయండి.

ఇంకోటి, డేటా రాగానే చేపల్ని జెనెటిక్ గుంపులుగా విడగొట్టే స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్‌లో వేసి రంగురంగుల బొమ్మ చూసి మురిసిపోతారు అందరూ. ముందు హార్డీ–వైన్‌బర్గ్ చూడండి, అంటే ఎంపిక లేకుండా జతకడితే రావాల్సినన్ని హెటిరోజైగోట్లు వచ్చాయా అని. హెటిరోజైగోట్లు తక్కువ పడితే కారణం నల్ యాలీల్ (ప్రైమర్ అతుక్కోక పీసీఆర్‌లో కనబడని కాపీ) కావచ్చు, లేదా మీరు ఒకే పాపులేషన్ అనుకున్నది నిజానికి రెండు కలిసినదై ఉండొచ్చు.

అలుగు_మీద:

25, 30 అని సార్ అన్నారు కాబట్టి ఇది కూడా విను. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుగా తిరుగుతాయి, తల్లీదండ్రీ కింద కాపలా ఉంటాయి. జాలి వేస్తే ఒక్క దెబ్బకు గుంపు మొత్తం వస్తుంది. పని తొందరగా అయిపోయిందని అదే 30 తీసుకుని పోతారు మీ స్టూడెంట్లు, నేను చూశాను.

లెక్కల_పంతులు:

అదే నేను చెప్పబోయింది! అవన్నీ ఒక్క తల్లి పిల్లలు. అలాంటి గుంపు ఒక్కటి పడినా స్ట్రక్చర్ దాన్ని ప్రత్యేక పాపులేషన్‌గా చూపిస్తుంది, ఎఫ్‌ఎస్‌టీ ఎక్కడికో పోతుంది, మీరేమో డిండిలో అరుదైన స్టాక్ దొరికిందని పేపర్ రాసేస్తారు. పెద్ద చేపలే తీసుకోండి, వేరువేరు చోట్ల, వేరువేరు రోజుల్లో, వేరువేరు వలల నుంచి. ఆ తర్వాత కూడా రిలేటెడ్‌నెస్ (చుట్టరికం) లెక్క చూసి అన్నదమ్ముల్లా తేలినవాటిలో కొన్ని తీసేసి మళ్ళీ నడిపి చూడండి.

డిండి_వాగు:

చాలా థ్యాంక్స్ అందరికీ. అలుగు_మీద అన్నా, లిఫ్టుల సంగతి ఇంత వరకూ నాకు ఎవరూ చెప్పలేదు. అయితే రవ్వను పూర్తిగా తీసేయాలా? సినాప్సిస్‌లో రాసి ఇచ్చేశాను, ఇప్పుడు మార్చమంటే కమిటీలో ఏమంటారో. దాని బదులు ఎవరూ సీడ్ వేయని చేప ఏదైనా పెట్టుకోవచ్చా?

పీసీఆర్_మనిషి:

ఇక్కడ నేను కొంచెం వేరేగా అంటాను, రవ్వను తీసేయొద్దు, దాన్ని అడిగే ప్రశ్న మార్చండి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ ఇంజెక్షన్‌తో కార్ప్ చేపలను ఈనించి చూపించాక మన దేశంలో హేచరీలు పెరిగాయి. ఒకే హేచరీలో బొచ్చె, రవ్వ, మ్రిగాల పక్కపక్కనే ఈనిస్తున్నప్పుడు జాగ్రత్త లేకపోతే సంకరం అవుతాయి. చూడ్డానికి రవ్వలా ఉండి సగం బొచ్చె అయినది సీఓఐ ఒక్కదానితో దొరక్కపోవచ్చు, తల్లి రవ్వ అయితే రిపోర్టు నూటికి నూరుపాళ్ళు రవ్వ అనే వస్తుంది. న్యూక్లియర్ మార్కర్ పెడితేనే బయటపడుతుంది. కాబట్టి "మన రిజర్వాయర్లలో వదిలిన రవ్వ ఎంత స్వచ్ఛం, ఎన్ని తల్లుల నుంచి వచ్చింది" అని అడగండి. సినాప్సిస్‌లో చేప పేరు అలాగే ఉంటుంది, కమిటీకి కూడా ఇబ్బంది ఉండదు. మన రాష్ట్రంలో ఇన్ని కోట్ల పిల్లలు వదులుతున్నప్పుడు ఇది పనికొచ్చే ప్రశ్నే.

నదినీ డ్యామునూ చూడాలంటే మాత్రం ఎవరూ సీడ్ వేయని చేప కావాలి, అందులో మీరన్నది కరెక్టే. కొర్రమీను కొంతవరకు నడుస్తుంది, అయితే రాష్ట్ర చేప అని పేరొచ్చాక దాని పెంపకం కూడా పెరుగుతోంది, సీడ్ ఎక్కడెక్కడ వేశారో ఒక్కో సంఘాన్నీ అడిగి రాసుకోండి.

అలుగు_మీద:

పరకలు పెట్టుకో తమ్మీ. వాటికి ఎవడూ సీడ్ వేయడు. ప్రతి చెరువులో ఉంటాయి, పులుసుకు అడిగేవాళ్ళు ఉన్నారు గానీ పెంచేవాళ్ళు లేరు. కాకపోతే వానలు పడ్డాక అలుగు పోస్తుంటే కింది చెరువు పరకలు పై చెరువుకు ఎదురెక్కుతాయి, గొలుసు చెరువులన్నీ ఒక్కటవుతాయి. అందుకే ఎండాకాలం చివర్లో, నీళ్ళు అడుగంటినప్పుడు పట్టుకో, ఎక్కడివి అక్కడే ఉంటాయి.

పీసీఆర్_మనిషి:

పరక మంచి ఆలోచన. కానీ పరకల్ని, అంటే పంటియస్ జాతుల్ని, కంటితో గుర్తుపట్టడం కష్టం, మచ్చ ఎక్కడుంది, పొలుసులు ఎన్ని అని చూస్తూ కూర్చుంటే పెద్దవాళ్ళకే తికమక. అందుకే సీఓఐ అక్కడ వాడండి, ప్రతి చోట నుంచి కొన్ని చేపలకు చేసి అన్నీ ఒకే జాతి అని తేలాకే మైక్రోశాటిలైట్లకు వెళ్ళండి. జెన్‌బ్యాంక్‌లో (సీక్వెన్స్‌ల డేటాబేస్) మ్యాచ్ వచ్చింది కదా అని ఆగొద్దు, తప్పు పేరుతో ఎక్కించిన సీక్వెన్స్‌లు అందులో ఉన్నాయి, కొర్రమీను కుటుంబంలో మరీను. బార్‌కోడ్‌ల డేటాబేస్ బోల్డ్‌లో కూడా చూడండి, ప్రతి చోట నుంచి ఒకటి రెండు చేపల్ని పూర్తిగా ఫొటో తీసి భద్రపరచండి, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

నమూనా తీయడం: పొట్ట కింది రెక్క నుంచి చిన్న ముక్క చాలు, చేపను చంపక్కర్లేదు, మళ్ళీ నీళ్ళలో వదిలేయొచ్చు. 95 శాతం ఇథనాల్‌లో వేయండి, ముక్క కన్నా ఇథనాల్ చాలా ఎక్కువ ఉండాలి, మర్నాడు ఒకసారి మార్చండి. డిపార్ట్‌మెంట్ మ్యూజియంలో సీసాల్లో ఉన్న పాత చేపల జోలికి పోకండి, అవి ఫార్మలిన్‌లో ఉంటాయి, అందులోంచి డీఎన్‌ఏ తీయడం మీ పీహెచ్‌డీ కాలంలో అయ్యే పని కాదు. ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య కత్తెర తుడిచి కాల్చండి. ట్యూబులో వేసే చీటీ మీద నంబరు పెన్సిల్‌తో రాయండి, ఇథనాల్ తగిలితే మార్కర్ పెన్ను రాత మొత్తం పోతుంది.