ఎన్నికల వేళ ఆరోపణల వార్తలకు చట్టం అడ్డుకట్ట వేయాలా?

కృష్ణలంక పాఠకుడు

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన నాటి నుంచి పోలింగ్ పూర్తయ్యే వరకు, అభ్యర్థుల వ్యక్తిగత నడవడి మీద ఆధారం చూపలేని ఆరోపణలు పత్రికల్లో, ఛానళ్లలో రాకుండా చట్టమే ఆపాలా? ఆపాలన్నదే నా వాదన.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఏప్రిల్ మొదటి వారాన్ని గుర్తు చేసుకోండి. అంతవరకు ఇంటింటికీ తిరిగి ఇచ్చిన వాలంటీర్ల చేత పింఛన్లు పంపిణీ చేయించవద్దని మార్చి 30న ఎన్నికల సంఘం ఆదేశించింది. దాంతో ఏప్రిల్ 3 నుంచి మూడు వేల రూపాయల కోసం వృద్ధులు ఎండలో గ్రామ, వార్డు సచివాలయాల ముందు బారులు తీరారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. మా ఇంటికి రెండు దినపత్రికలు వస్తాయి. ఆ మరణాలకు ప్రతిపక్ష నాయకుడే కారణమని ఒక పత్రిక మొదటి పేజీలో తీర్పు చెప్పింది. సానుభూతి కోసం ప్రభుత్వమే కావాలని ముసలివాళ్లను ఎండకు పంపిందని రెండోది అంతే ధీమాగా రాసింది. లక్షకు పైగా ఉన్న సచివాలయ సిబ్బంది చేత సుమారు 66 లక్షల మందికి ఇంటి వద్దే పంపిణీ చేయించడం సాధ్యమా కాదా, కాకపోతే ఎందుకు కాదు అన్న ప్రశ్నకు మాత్రం రెండింటిలోనూ సమాధానం దొరకలేదు. నాకు కావలసిన వార్త అది. దొరికిందేమో ఇద్దరు నాయకుల మీద హత్యానేరం. ఇలాంటి రాతల వల్ల ఓటరుకు జరిగే నష్టాన్ని పోలింగ్ తర్వాత ఎవరూ పూడ్చలేరు కనుక, ముందే ఆపడం తప్ప వేరే దారి కనిపించడం లేదు.

కడప న్యాయవాది

పాఠకుడు గారి ఆవేదన న్యాయమైనదే కానీ, ఆయన కోరుతున్న చట్టం చాలావరకు ఇప్పటికే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని సెక్షన్ 123(4) ప్రకారం, అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, వారి సమ్మతితో మరొకరు గానీ, అబద్ధమని తెలిసి లేదా నిజమని నమ్మకుండా ప్రత్యర్థి వ్యక్తిగత నడవడి గురించి అతని గెలుపు అవకాశాలు దెబ్బతినేలా ప్రకటన చేస్తే, అది ఎన్నికల అక్రమం అవుతుంది. అదే పని చేసినందుకు పాత శిక్షాస్మృతిలోని 171జి కింద జరిమానా మాత్రమే పడేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా జరిమానాతోనే సరిపెట్టింది.

చిక్కంతా కాలంలో ఉంది. 123(4) కింద ఫిర్యాదు చేయాలంటే ఫలితం వెలువడ్డాక 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది గానీ, సభ కాలం ముగిసే దాకా నడిచిన పిటిషన్లు ఎన్నో ఉన్నాయి. పైగా ఆ సెక్షన్ పత్రికను ముట్టుకోదు. పత్రిక రాత వెనుక అభ్యర్థి సమ్మతి ఉందని రుజువు చేస్తేనే కేసు నిలబడుతుంది. తన సొంత పార్టీ పత్రిక రాసినా, అది నాకు తెలియదని అభ్యర్థి అంటే రుజువు భారమంతా పిటిషనర్ మీదనే పడుతుంది.

ఇక ముందస్తు నిషేధం ఎవరికి పనికొస్తుందో మా ఊళ్లోనే చూశాం. మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య జరిగింది 2019 మార్చి 15న. ఆ హత్య ప్రస్తావన ప్రచారంలో తేవద్దని 2024 ఏప్రిల్‌లో కడప కోర్టు పలువురు నాయకులను ఆదేశించింది, హతుని కుమార్తెను కూడా. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని మే 17న నిలిపివేసింది. రాష్ట్రంలో పోలింగ్ మే 13ననే ముగిసిపోయింది. తండ్రి హత్య గురించి కూతురు మాట్లాడకూడదన్న ఆంక్ష ఎన్నికల ప్రచారమంతా అమల్లో ఉండి, ఓట్లు పడ్డాక తొలగిందన్నమాట. పాఠకుడు గారు అడుగుతున్న అధికారాన్ని కోర్టులకో అధికారులకో ఇస్తే, మొదట మూతపడేవి ఇలాంటి నోళ్లే.

డెస్క్ మాజీ ఉద్యోగి

చాలా ఏళ్లు ఒక జిల్లా ఎడిషన్‌లో పనిచేసిన వాడిగా ఒక మాట చెప్పాలి. ఇద్దరూ మొదటి పేజీ గురించి మాట్లాడుతున్నారు, కానీ ఎన్నికల కాలంలో అసలు వ్యాపారం లోపలి జిల్లా పేజీల్లో నడుస్తుంది. మండల విలేకరికి వచ్చే గౌరవ వేతనం పెట్రోలుకే చాలదు, ఏడాది పొడవునా అతని మెడ మీద ప్రకటనల టార్గెట్ ఉంటుంది. నోటిఫికేషన్ రాగానే అభ్యర్థితో ప్యాకేజీ కుదురుతుంది. రోజుకు ఇన్ని కాలమ్‌ల ప్రచార వార్త, వారానికో ఇంటర్వ్యూ, చివరి మూడు రోజుల్లో 'జనం గుండెల్లో ఫలానా' అన్న బాక్స్ ఐటమ్. కొంచెం ఎక్కువ ఇస్తే ప్రత్యర్థి మీద 'గుసగుసలు', 'అసమ్మతి సెగ', 'టికెట్ చిచ్చు' శీర్షికలతో పేరు లేని మనుషుల మాటలు. మా డెస్క్‌కు వచ్చే కాపీలో పేరున్న సాక్షి ఒక్కడూ ఉండేవాడు కాదు, 'సమాచారం', 'తెలుస్తోంది', 'చర్చ జరుగుతోంది' అన్న మూడు మాటల మీదే కథనమంతా నిలబడేది. వాటిని కొట్టేస్తే వార్తే మిగలదు కనుక ఎవరూ కొట్టేసేవారు కాదు. డబ్బు ఇవ్వని అభ్యర్థి ఊరేగింపులో పదివేల మంది ఉన్నా సింగిల్ కాలమ్ దాటేది కాదు.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2009 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వే చేసి ఈ ప్యాకేజీల గుట్టు విప్పింది. ఆ ఏడాది పోటీ చేసిన లోక్‌సత్తా అభ్యర్థి ఒకరు అనుకూల వార్తల కోసం చెల్లించిన సొమ్మును తన ఎన్నికల ఖర్చు లెక్కల్లోనే చూపించారు. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో, అంటే పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. పత్రికల పేర్లతో సహా వారు 2010లో ఇచ్చిన నివేదికను కౌన్సిల్ తొక్కిపెట్టి, సంక్షిప్త ప్రతిని మాత్రమే విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ పూర్తి ప్రతి బయటకు రాలేదు. తమ తప్పును తామే విచారించుకునే సంస్థ ఎంత దూరం వెళ్లగలదో అక్కడే తేలిపోయింది. కౌన్సిల్‌కు చట్టం ఇచ్చిన ఆయుధాలు కూడా హెచ్చరిక, మందలింపు, అభిశంసన, అంతే. ఛానళ్ల మీద అదీ లేదు.

నిషేధం వస్తే ఏమవుతుందో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఇసుక దందా మీద నెలల తరబడి తవ్వి రాసిన విలేకరి కథనాన్ని న్యాయ సలహాదారు ఆపేస్తాడు. 'గుసగుసలు' మాత్రం యథావిధిగా వస్తాయి, ఎందుకంటే వాటిలో పట్టుకోవడానికి ఒక్క వాక్యమూ ఉండదు.

కృష్ణలంక పాఠకుడు

డెస్క్ మాజీ గారు చెప్పినది నా వాదనకే బలం. పేరు లేని సాక్షితో వార్త వేయకూడదన్న నియమం పెడితే ఆ 'గుసగుసలు' ఆగవా? డబ్బు ఇచ్చి వార్తలు రాయించుకున్న అభ్యర్థుల మీద వేటు వేయడం కూడా అసాధ్యమేమీ కాదు. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను చెల్లింపు వార్తల ఖర్చు దాచినందుకు 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హురాలిని చేసింది.

కడప న్యాయవాది

ఆమె గెలిచింది 2007లో. అంటే పదవీకాలం దాదాపు అనుభవించాకే వేటు పడింది. ఆ అనర్హత అభ్యర్థికే గానీ, సొమ్ము పుచ్చుకున్న పత్రికలకు కాదు. పేరు లేని సాక్షి వద్దంటే, ఉద్యోగం పోతుందన్న భయంతో పేరు చెప్పని గుమాస్తా ఇచ్చే నిజమైన సమాచారమూ ఆగిపోతుంది.

ఓరుగల్లు ఓటరు

ఆంధ్ర మిత్రులు పార్టీల రంగులను బట్టి పసుపు మీడియా, నీలి మీడియా అంటారు. మాకు గులాబీ కూడా ఉంది. 2023 నవంబరు 30 పోలింగుకు ముందు మా చుట్టుపక్కల చదివేవాళ్లంతా ఏ పత్రిక ఎవరిదో తెలిసే చదివారు, కాబట్టి ఆరోపణల్లో సగం తీసేసి నమ్మడం జనానికి అలవాటే. అంతకన్నా పెద్ద అన్యాయం పత్రికే లేని అభ్యర్థిది. పెద్ద పార్టీ నాయకుడి మీద బురద చల్లితే సాయంత్రానికి కడగడానికి అతనికో ఛానల్ ఉంటుంది. స్వతంత్ర అభ్యర్థి మీద 'ఓట్లు చీల్చడానికి డబ్బు తీసుకుని నిలబడ్డాడు' అని ఒక్క వాక్యం వస్తే, దానికి జవాబు ఎక్కడా అచ్చు కాదు.

యాజమాన్యం సంగతి కూడా చట్టం చెప్పమంటూనే ఉంది. ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే సంచికలో యజమానుల పేర్లు, ఒక శాతం మించి వాటా ఉన్నవారి పేర్లు ప్రచురించాలన్న నిబంధన 1956 నుంచి ఉంది. 'ఫారం 4' పేరుతో లోపలి పేజీలో, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో, ఎక్కువగా కంపెనీ పేర్లే కనిపిస్తాయి. అదే వివరం ఎన్నికల నెలంతా మొదటి పేజీలో, ఛానల్ తెర మీద ఉండాలి: ఈ సంస్థ యజమాని లేదా అతని కుటుంబ సభ్యుడు ఫలానా పార్టీ నాయకుడు, ఫలానా స్థానం అభ్యర్థి అని.

డెస్క్ మాజీ ఉద్యోగి

ఓరుగల్లు మిత్రుని మాటకు నా ఓటు. దానికి తోడు ఒక్కటే అడుగుతాను. ఆరోపణ వేసిన చోటే, అంతే కాలమ్‌లలో, అభ్యర్థి వివరణ 24 గంటల్లోగా రావాలి. ఇప్పుడు మొదటి పేజీ బ్యానర్‌కు ఖండన ఏడో పేజీ అడుగున, అదీ పోలింగ్ అయ్యాక వస్తోంది. ఏది ఆపాలో తేల్చడం కష్టం గానీ, జవాబు వేశారా లేదా అన్నది స్కేలు పెట్టి కొలవవచ్చు.

కృష్ణలంక పాఠకుడు

కొలిచేది ఎవరు? జిల్లా మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీయేనా?

కడప న్యాయవాది

ఇప్పుడున్నది అదే. దాని పుట్టుక కూడా మన దగ్గరి నుంచే మొదలైంది. టీవీలో రాజకీయ ప్రకటనలను నిషేధించిన కేబుల్ నిబంధనను 2004 మార్చిలో హైదరాబాద్‌లోని హైకోర్టు నిలిపివేస్తే, జెమినీ టీవీ ప్రతివాదిగా ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏప్రిల్ 13న కోర్టు ముందస్తు ధ్రువీకరణ పద్ధతిని పెట్టింది. చెల్లింపు వార్తల పరిశీలన తర్వాత దానికి తోడైంది. కానీ ఆ కమిటీకి అధ్యక్షుడు జిల్లా ఎన్నికల అధికారి అయిన కలెక్టర్, వ్యవహారాలు నడిపేది జిల్లా పౌరసంబంధాల అధికారి. ఏడాదంతా ముఖ్యమంత్రి పర్యటనలకు ప్రచారం చేసిపెట్టే శాఖ అది. వివరణ నియమం వరకు నాకు సమ్మతమే, అయితే ఫిర్యాదు వినే బాధ్యతను వేరే రాష్ట్రం నుంచి వచ్చే ఎన్నికల పరిశీలకునికి అప్పగించాలి.

కృష్ణలంక పాఠకుడు

ఆ షరతుతో వివరణ నియమాన్ని నేనూ అంగీకరిస్తాను. పోలింగుకు ముందు చివరి 48 గంటల విషయంలో మాత్రం నిషేధమే కావాలంటాను. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 126 ఆ గడువులో టీవీని కట్టడి చేస్తుంది గానీ అచ్చు పత్రికను వదిలేసింది. పోలింగ్ రోజు ఉదయం వచ్చిన బ్యానర్‌కు 24 గంటల్లో వివరణ అంటే, అది ఓటు వేసిన మర్నాడు వస్తుంది.