కాంప్లెక్స్ సమావేశాల్లో ఒకరి అనుభవం ఇంకొకరికి అందాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: లెక్కల టీచరు, ప్రకాశం జిల్లా

మా స్కూల్ కాంప్లెక్స్‌లో ప్రాథమిక తరగతులకు గణితం చెప్పే ఉపాధ్యాయుల సమావేశాన్ని నడిపే బాధ్యత ఈ ఏడాది నాకు అప్పగించారు. ఒక ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలవారు కలిసి పనిచేయాలని 1964-66 నాటి కొఠారి కమిషన్ సూచించింది. 2020 జాతీయ విద్యా విధానం అదే ఆలోచనను మళ్ళీ ముందుకు తెచ్చింది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్న ఎస్‌జీటీకి (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుకు) తన పాఠం గురించి మాట్లాడుకోవడానికి తోటి ఉపాధ్యాయులు దొరికేది ఈ సమావేశాల్లోనే కాబట్టి, వీటిని నేను చాలా విలువైనవిగా భావిస్తాను. అయితే మా దగ్గర సమయమంతా సర్క్యులర్లు చదవడానికీ, నింపి పంపాల్సిన వివరాలకూ సరిపోతోంది. వాట్సాప్ గ్రూపులోనూ ఇదే పరిస్థితి.

ఒక ఉదాహరణ చెప్తాను. 402 నుంచి 158 తీసివేయమంటే చాలామంది పిల్లలు 356 అని రాస్తారు. పైన ఉన్నదా కింద ఉన్నదా అని చూడకుండా, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తారు. మా కాంప్లెక్స్‌లో ఒక సీనియర్ మేడమ్ గారి తరగతిలో మాత్రం ఈ తప్పు చాలా అరుదు. ఆవిడను సమావేశంలో నాలుగు మాటలు చెప్పమని కోరితే, “ప్రత్యేకంగా ఏమీ లేదమ్మా, అందరూ చెప్పినట్టే చెప్తాను” అన్నారు. ఆవిడ దాచుకునే మనిషి కానే కాదు. అలాంటివారికి తెలిసినది మిగతా బళ్ళకు చేరాలంటే ఏ పద్ధతి పాటించాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

సమాధానం: కాపీయర్ సర్వీసు ఇంజనీరు, హైదరాబాద్

మేడమ్ గారూ, నేను ఉపాధ్యాయుణ్ణి కాను గానీ, మీరు వర్ణించిన పరిస్థితి మీద మా వృత్తిలో ఒక ప్రసిద్ధమైన అధ్యయనం జరిగింది. 1980లలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రానికి చెందిన జూలియన్ ఆర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు, యంత్రాలను బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి వాళ్ళు పని ఎలా నేర్చుకుంటున్నారో గమనించారు. ఫలానా సూచన కనబడితే ఫలానా పరీక్ష చేయమని మాన్యువల్ చెబుతుంది. నిజమైన యంత్రం మాత్రం మాన్యువల్‌లో లేని తీరులో మొరాయిస్తుంది. అలాంటప్పుడు టెక్నీషియన్లను ఆదుకున్నది భోజనాల దగ్గరా, పని మధ్యలో దొరికిన ఖాళీలోనూ ఒకరికొకరు చెప్పుకున్న అనుభవాలే. పైనుంచి చూసేవారికి అది కాలక్షేపం. ఆ మాటల్లోనే వాళ్ళు చిక్కుముడి విప్పుకునేవారు.

ఆ తర్వాత 1990లలో అదే సంస్థ, మొదట ఫ్రాన్స్‌లో, ‘యురేకా’ అనే ఏర్పాటును ప్రారంభించింది. ఒక టెక్నీషియన్ తాను కనుగొన్న పరిష్కారాన్ని రాసి పంపితే, అనుభవమున్న తోటివారు దాన్ని సరిచూసి, పనికొస్తుందనుకున్న తర్వాతే అందరికీ అందుబాటులో ఉంచేవారు. పంపినవారి పేరు కూడా దానితోపాటే ఉండేది. సరిచూసేది పై అధికారి కాకుండా అదే పని చేసే మనిషి కావడం, చెప్పినవారి పేరు చెరిగిపోకపోవడం, ఈ రెండూ లేకపోతే అది ఎవరూ తెరవని ఫైలుగా మిగిలిపోయేదని నా అభిప్రాయం.

అందువల్ల ఆ సీనియర్ మేడమ్ గారిని “మీ పద్ధతి ఏమిటి?” అని అడగకండి. ఒక పిల్లవాడి నోటుబుక్కు ముందు పెట్టి, “ఇక్కడ 356 అని రాశాడు, రేపు వీడికి ముందుగా ఏం చెప్తారు?” అని అడగండి. మాలో బాగా తెలిసినవారు కూడా ఎదురుగా యంత్రం లేకుండా ఏమీ చెప్పలేరు.

సమాధానం: డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకురాలు, కర్నూలు

నోటుబుక్కు ముందు పెట్టి అడగమన్న సూచన నాకు బాగా నచ్చింది. అయితే రాసి పంచుకోవడం దగ్గర నాకు కొంత సందేహం ఉంది. యంత్రం మరమ్మతులో ఫలితం వెంటనే తేలిపోతుంది. తరగతి గదిలో మాత్రం టీచరు ఎక్కడ ఆగారు, ఏ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచారు, తప్పు జవాబు విన్నప్పుడు ఏం అడిగారు అన్నవే అసలు సంగతులు. వాటిని చేసేవారు తాము చేస్తున్నట్టు గుర్తించరు కూడా. “ప్రత్యేకంగా ఏమీ లేదమ్మా” అన్న ఆవిడ మాట వినయం కొద్దీ అన్నది కాకపోవచ్చు.

జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో చాలాకాలంగా ఉన్న పాఠ పరిశీలన పద్ధతి ఇందుకు బాగా ఉపకరిస్తుంది. కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని వివరంగా తయారుచేస్తారు. ఏ ప్రశ్నకు పిల్లలు ఎలాంటి జవాబులు చెప్పవచ్చో, బోర్డు మీద ఏది ఎక్కడ రాయాలో కూడా ముందే ఆలోచిస్తారు. వారిలో ఒకరు ఆ పాఠం చెబుతుంటే మిగతావారు అదే గదిలో ఉండి, ప్రధానంగా పిల్లల ఆలోచన ఎలా సాగుతోందో రాసుకుంటారు. తర్వాత జరిగే చర్చ కూడా పాఠం గురించే గానీ చెప్పినవారి గురించి కాదు. పాఠం అందరూ కలిసి తయారుచేసినది కాబట్టి, అందులో లోపం కనబడినా అది ఒక్కరి నెత్తిన పడదు.

మీ కాంప్లెక్స్ సమావేశాన్ని ఒకసారి ఆవిడ బడిలోనే పెట్టించుకోండి. 402ను పుల్లల కట్టలతో చూపించి, ఒక వంద కట్టను విప్పి పది పదులుగా, అందులో ఒక పదిని విప్పి పది ఒకట్లుగా మార్చి, మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు పిల్లల కళ్ళ ముందు ఉంచేదాకా ఆవిడ ఎక్కడెక్కడ ఆగుతున్నారో అందరూ చూడాలి. మనలో చాలామంది ‘అప్పు తెచ్చుకోవడం’ అని చెప్పి త్వరగా ముందుకు వెళ్ళిపోయే చోటు అదే.

సమాధానం: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కరీంనగర్

అమ్మా, పద్ధతి ఏదైనా సరే, గదిలో ఎవరు కూర్చున్నారన్నది ముఖ్యం. తనిఖీ చేసే అధికారం ఉన్నవారు ముందు వరుసలో ఉంటే ఏ ఉపాధ్యాయుడూ “నా తరగతిలో సగంమందికి తీసివేత రాలేదు” అని చెప్పడు, చెప్పమనడం కూడా న్యాయం కాదు. పరిపాలన విషయాలను మొదటే ముగించి అధికారులను సగౌరవంగా పంపించి, ఆ తర్వాత తలుపు వేసుకుని పాఠం గురించి మాట్లాడుకోండి. ఆ భాగానికి నివేదిక వద్దు, ఫొటోలు వద్దు. పిల్లల తప్పులున్న నోటుబుక్కుల చిత్రాలను ఎవరెవరో చూసే గ్రూపులో పెట్టనే పెట్టవద్దు. ఈ నమ్మకం ఒక్కసారి పోతే తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరినవారిని మొదటి నెలలోనే పాఠం చెప్పమనకండి. లైబీరియా దర్జీల దగ్గర శిష్యరికాన్ని అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జీన్ లేవ్ ఒక మంచి సంగతి గమనించారు. అక్కడ నేర్చుకునేవాడు మొదట గుండీలు కుట్టడం, అంచులు మడవడం వంటి చివరి పనులతో మొదలుపెట్టి, తర్వాత కుట్టు నేర్చి, బట్ట కత్తిరించడం దగ్గరికి ఆఖరున వస్తాడు. అంచు కుట్టే రోజుల్లోనే పూర్తయిన దుస్తు ఎలా ఉండాలో వాడి కంటికి తెలిసిపోతుంది. మీ కొత్తవారికి కూడా ముందు ఆ పుల్లల కట్టలు సిద్ధం చేయడం, పిల్లల మాటలు రాసుకోవడం వంటి పనులు ఇవ్వండి.

సమాధానం: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

ఒక చిన్న మాట చేర్చాలనుంది. రోజూ కలిసేవారికి తెలిసినవి దాదాపు ఒకటే కాబట్టి, కొత్త సంగతులు తరచుగా అంతగా పరిచయం లేనివారి ద్వారా వస్తాయని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో వాదించారు. ఆయన ప్రధానంగా చూసింది ఉద్యోగాల సమాచారం మనుషులకు ఎలా చేరుతుందన్నది. పక్క కాంప్లెక్స్ నుంచి ఒకరిద్దరిని పిలిస్తే మీకూ ఆ మేలు కలుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. సీనియర్ మేడమ్ గారితో మాట్లాడాను. ఆవిడ పాఠం తానొక్కరే చెప్పడానికి ఒప్పుకోలేదు గానీ, నలుగురం కలిసి తయారుచేసి, మొదటి విడత నేను చెప్పేటట్లయితే పక్కనే ఉంటానన్నారు. తర్వాతి సమావేశం ఆవిడ బడిలో జరపడానికి కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులు అంగీకరించారు. పాఠం గురించి మాట్లాడుకునే భాగాన్ని మధ్యాహ్నానికి విడిగా ఉంచుతామని కూడా అన్నారు. పక్క కాంప్లెక్స్ వారిని మాత్రం రెండో విడత నుంచి పిలుద్దామనుకుంటున్నాను. ముందుగా మావాళ్ళకు భయం పోవాలి.

ఆ రెండో విడతకు భాగహారం తీసుకుందామని మేడమ్ గారి సూచన. 612ను 6తో భాగించి 102కు బదులు 12 అని రాసే పిల్లలు మా అన్ని బళ్ళలోనూ ఉన్నారు. భాగఫలంలో సున్నా ఎందుకు వస్తుందో పుల్లల కట్టలతో గానీ నోట్లతో గానీ చెప్పినవారు ఇక్కడ ఉంటే, మీ తరగతిలో పిల్లలు ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో రాయగలరా?