చర్చ: పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టడానికి ఇంకా అమీన్ ద్రావణమేనా?

పరవాడ గాలి:
ఉక్కు కర్మాగారం, సింహాద్రి విద్యుత్ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం మూడూ విశాఖ చుట్టుపక్కలే ఉన్నాయి. వీటి వాయువును పట్టే మాట వచ్చిన ప్రతిసారీ అమీన్ (అమోనియా నుంచి వచ్చే ఒక రకం రసాయనం, నీటిలో కలిపి వాడతారు) పేరే చెబుతారు. అది 1930లో పేటెంటు పొందిన పద్ధతి. లోహ సేంద్రియ చట్రాలకు (లోహాన్ని, కార్బన్ అణువులను కలిపి అల్లిన, సన్నని రంధ్రాలుండే ఘన పదార్థాలు) 2025లో రసాయన నోబెల్ వచ్చాక కూడా ఆ పాత నీళ్లనే పట్టుకు వేలాడాలా?

గాజువాక విశ్రాంత ఇంజినీరు:
బాబూ, పాతదని తీసిపారేయకండి. అమోనియా ప్లాంటులో ముప్ఫై ఏళ్లు ఈ టవర్ల కిందే తిరిగాను. పైనుంచి ద్రావణం జారుతుంది, కిందినుంచి గ్యాసు ఎక్కుతుంది. నలభై, యాభై డిగ్రీల దగ్గర అమీన్ వాయువును పట్టుకుంటుంది, పక్క టవర్‌లో 120 దాకా కాస్తే వదిలేస్తుంది. రాత్రీపగలూ నడిచే యంత్రమది. మీ చట్రాలు ఎన్నేళ్లు నడిచాయి?

పరవాడ గాలి:
ఆ ‘కాస్తే’ దగ్గరే ఉంది తిరకాసు. మామూలు ద్రావణంలో అమీన్ 30 శాతం, తక్కినదంతా నీరు. వాయువును విడిపించాలంటే ఆ నీటినీ వేడెక్కించాలి. పట్టిన టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు మూడున్నర గిగాజౌళ్ల వేడి కావాలి. ఆ ఆవిరిని టర్బైన్‌కు వెళ్లకుండా మళ్లిస్తే కరెంటు తగ్గుతుంది, ఆ లోటుకు మళ్లీ బొగ్గే. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు. పైగా మీ అమోనియా గ్యాసు శుభ్రమైనది. బొగ్గు పొగలో ఆక్సిజన్, సల్ఫర్ డయాక్సైడ్ ఉంటాయి, అవి అమీన్‌ను పాడుచేస్తాయి.

సీతమ్మధార పరిశోధకురాలు:
ఇద్దరూ తేమను మరిచారు. జియోలైట్ 13ఎక్స్ (వాయువును రంధ్రాల్లో పట్టుకునే మరో ఘన పదార్థం) పొడి గ్యాసులో అద్భుతంగా పనిచేస్తుంది. తడి తగిలిందా, రంధ్రాలన్నీ నీరే ఆక్రమిస్తుంది. (మన సముద్రపు గాలిని అనడం లేదు. బొగ్గు కాలినప్పుడే ఆవిరి పుడుతుంది.) జింకుతో చేసే కాల్ఫ్-20 చట్రం కొంత తేమను తట్టుకుంటూ కార్బన్ డయాక్సైడ్‌నే ఎంచుకుంటుంది, కానీ పొగ బాగా తడిగా ఉంటే దానికీ ఇబ్బందే. నోబెల్ వచ్చినంత మాత్రాన పొగలోని తేమ ఆరిపోదు కదా.

గాజువాక విశ్రాంత ఇంజినీరు:
అమ్మాయి అసలు విషయానికి వచ్చింది. నేను ఇంకొకటి కలుపుతాను: వాయువు ఎంత చిక్కగా ఉంది? బొగ్గు విద్యుత్ పొగలో 12 నుంచి 15 శాతం, ఉక్కు కర్మాగారంలో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసులో 20 దాటుతుంది, బయటి గాలిలో 0.04. చిక్కగా ఉన్నచోట మొదలుపెట్టక సింహాద్రి చిమ్నీ ఎందుకు ఎక్కడం? జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ 2021లో బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు నుంచి రోజుకు 5 టన్నులు పట్టే యూనిట్ పెట్టింది. అదీ అమీన్‌తోనే.

పరవాడ గాలి:
ఐదు టన్నులా! 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ పూర్తి లోడుతో నడిస్తే గంటకు సుమారు 450 టన్నులు వదులుతుంది. మీ రోజంతటి పని దానికి ఒక్క నిమిషం కూడా కాదు.

కొండరాయి:
పట్టి ఎక్కడ దాస్తారండీ? ఐస్‌లాండ్‌లో నీటిలో కరిగించి బసాల్ట్‌లోకి (లావా గడ్డకట్టిన నల్లరాయి) పంపితే రెండేళ్లలో చాలావరకు రాయిగా మారింది. విశాఖ కొండలు ఖొండలైట్ అనే వేరే రాయి. బసాల్ట్ కావాలంటే రాజమండ్రి దాకా వెళ్లాలి.

పరవాడ గాలి:
దాచడం గురించి వేరే చర్చ పెడదాం. ఉక్కు కర్మాగారం నుంచే మొదలుపెట్టాలన్న మాటకు ఒప్పుకుంటున్నాను, అమీన్‌కు మాత్రం కాదు. పొగను ముందే ఆరబెట్టి జియోలైట్‌కు పంపితే, ఆ ఆరబెట్టే ఖర్చు అమీన్ ఆవిరి ఖర్చును దాటుతుందా? లెక్క కట్టినవారెవరైనా ఉంటే రాయండి.